పైపు కూడా కావాలంటే పావు డాలరు

గురువారం, మన్‌హట్టన్

న్యూయార్క్‌లో దిగిన రోజే టైమ్స్ స్క్వేర్‌కి పరిగెత్తనివాళ్లు తక్కువ. నాకు మాత్రం ముందు మల్బెరీ స్ట్రీట్ చూడాలని తొందరగా ఉంది. కొన్నేళ్లుగా నేను తీసిన ఫొటోలతో క్యాలెండర్లు, ప్రింట్లు వేయించి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. వచ్చిన డబ్బు పిల్లల చదువులకు వెళ్తుంది. పెద్ద మొత్తాలేం కావు గానీ, ఫొటోల పిచ్చికి కాస్త పుణ్యం కూడా తోడైందని సంబరపడేదాన్ని. ఈమధ్య ఒక ప్రశ్న పట్టుకుంది. కెమెరా నాది, డబ్బు కొన్నవాళ్లది, సాయం అందేది ఇంకెవరికో. మధ్యలో ఆ ఫొటోలో ఉన్న మనిషికి ఏం దక్కినట్టు?

ఇది నాకు కొత్త గానీ లోకానికి కొత్త కాదు. నూటయాభై ఏళ్లకు పైగా నలుగుతున్న సంగతి. దాని ఆనవాళ్లు న్యూయార్క్‌లోనూ, అక్కడినుంచి రైల్లో ఏడు గంటల దూరంలో ఉన్న రోచెస్టర్‌లోనూ చాలా ఉన్నాయి. రోచెస్టర్‌లో మా మేనకోడలు ఫొటోగ్రఫీ చదువుతోంది. "అత్తా, సోమవారానికల్లా ఇక్కడుండాలి. నీకో పని పెట్టాను" అని ఫోన్‌లో ముందే చెప్పింది. ఏం పనో ఎంతడిగినా చెప్పలేదు.

సబ్‌వేలో కెనాల్ స్ట్రీట్ దగ్గర దిగి చైనాటౌన్ గుండా నడిచాను. మల్బెరీ స్ట్రీట్ ఒకచోట మెలిక తిరుగుతుంది. ఆ మలుపునే ఒకప్పుడు మల్బెరీ బెండ్ అనేవాళ్లు. గాలీ వెలుతురూ లేని అద్దె కొంపలు, ఒక్కో గదిలో పది పన్నెండు మంది. జేకబ్ రీస్ ఆ పక్కనే పోలీసు వార్తలు రాసే విలేఖరి. 1870లో డెన్మార్క్ నుంచి వచ్చి, చేతిలో చిల్లిగవ్వ లేక తానూ పోలీసు స్టేషన్ల ఉచిత వసతి గదుల్లో తలదాచుకున్నవాడు. ఈ కొంపల్లో రాత్రిపూట మనుషులు ఎలా పడుకుంటారో ఎంత రాసినా చదివేవాళ్లకు చీమ కుట్టినట్టయినా లేదు. 1887లో ఒక రోజు పొద్దున, జర్మనీలో మెగ్నీషియం పొడితో చీకట్లో ఫొటో తీసే పద్ధతి కనిపెట్టారని పేపర్లో నాలుగు ముక్కలు చదివాడు. అంతే, పని మొదలైంది.

మొదట్లో ఆ పొడిని పిస్తోలులాంటి దానితో పేల్చేవారు. అర్ధరాత్రి పిస్తోళ్లతో ఇంట్లో జొరబడితే ఎవరు మాత్రం నిలబడతారు? అందుకని పెనం మీద పొడి పోసి వెలిగించడం మొదలుపెట్టాడు. రెండుసార్లు ఇంటికి, ఒకసారి తనకు తానే నిప్పంటించుకున్నానని ఆయనే రాసుకున్నాడు. ఒకసారి గుడ్డివాళ్లు ఉండే అటక గదిలో ఫొటో తీస్తుంటే గోడకు వేలాడుతున్న గుడ్డలు అంటుకున్నాయి. కష్టపడి ఆర్పి, కిందికొచ్చి పోలీసుకు చెబితే ఆయన పగలబడి నవ్వాడట. ఈ ఇల్లు పోయిన చలికాలంలోనే ఆరుసార్లు అంటుకుంది, గోడల మీది మకిలే మంటను ఆర్పేసింది, ఇది కాలేది కాదు అని.

ఆ చిత్రాలను గాజు స్లైడ్ల మీదికి ఎక్కించి చర్చిల్లో తెర మీద చూపిస్తూ ఉపన్యాసాలిచ్చాడు రీస్. 1890లో పుస్తకం వచ్చింది. అది చదివిన థియొడోర్ రూజ్‌వెల్ట్ సాయం చేయడానికి వచ్చానని చీటీ పెట్టి వెళ్లాడు. తరవాత పోలీసు కమిషనర్ అయ్యాక, ఆ దరిద్రపు వసతి గదులను 1896లో మూయించాడు. మల్బెరీ బెండ్ కొంపలు కూలగొట్టి పార్కు కట్టారు, 1897లో తెరిచారు. ఇప్పుడు దాని పేరు కొలంబస్ పార్క్.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన కథ వేరే ఉంది. ఈ బెండ్‌లోనే ఒక దొడ్లో నిచ్చెన మెట్టు మీద కూచుని, చింకి బట్టలతో పైపు తాగుతున్న ఒక దేశదిమ్మరి రీస్ కంటపడ్డాడు. ఫొటోకి కూచుంటే పది సెంట్లిస్తానన్నాడు రీస్. ఆ మనిషి సరేనని కూచున్నాడు. తీరా కెమెరా సిద్ధం చేసేసరికి, నోట్లోంచి పైపు తీసి జేబులో పెట్టుకున్నాడు. బేరంలో పైపు లేదు, అది కూడా కావాలంటే పావు డాలరు అన్నాడు. సెంటుకు రెండు వచ్చే మట్టి పైపు అది. రీస్ ఇచ్చుకోక తప్పలేదు. ఆ మనిషి సోమరి అని చెప్పడానికి రీస్ ఈ సంగతి రాశాడు గానీ, నాకైతే ఆ దొడ్లో వ్యవహారం తెలిసినవాడు అతనొక్కడే అనిపించింది. తన బొమ్మకు విలువ కట్టేది తనే అన్నాడు.

పార్కులో ఇప్పుడు చైనీస్ పెద్దవాళ్లు గుంపులు గుంపులుగా కూచుని పేకాట, చైనీస్ చదరంగం ఆడుతున్నారు. ఒక మూల ఎవరో రెండు తీగల వాద్యం వాయిస్తున్నారు. రీస్ తన పుస్తకంలో ఇటాలియన్లనీ యూదులనీ ఎడాపెడా నిందించాడు, అందరికన్నా దారుణంగా రాసింది చైనీస్ వాళ్ల గురించే. ఆయన పోరాడి తెప్పించిన పార్కులో హాయిగా కూచున్నది వాళ్లే. చూసి నవ్వొచ్చింది.

బ్యాగులో ఇన్‌స్టాక్స్ అనే, అప్పటికప్పుడు ఫొటో చేతికిచ్చే చిన్న ప్రింటర్ పెట్టుకుని తిరగడం నాకు ఈ ట్రిప్పుకే మొదలైన అలవాటు. చదరంగం చూస్తున్న ఒకాయనకు కెమెరా చూపించి సైగ చేస్తే అరచెయ్యి అడ్డం పెట్టాడు. దండం పెట్టి పక్కకు వెళ్లాను. పేకాడుతున్న ఒక పెద్దావిడ మాత్రం ముక్కలు బోర్లించి, టోపీ సర్దుకుని నిటారుగా కూచుంది. తీశాను. ప్రింటర్లోంచి తెల్ల కాగితం వచ్చేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. ఆగమని సైగ చేశాను. నిమిషంలో ముందు టోపీ, తరవాత కళ్లు, ఆ తరవాత వెనకాల చెట్లు ఒక్కొక్కటే తేలాయి. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, ఒక మూల వేలితో తట్టింది. బెంచీ మీది ఎర్ర ప్లాస్టిక్ సంచీ బొమ్మలో పడింది. సంచీ తీసి కాళ్ల కింద దాచి, మళ్లీ అలాగే కూచుంది. రెండోది తీసిచ్చాక చొక్కా జేబులో పెట్టుకుంది, మొదటిది నాకు తిరిగిచ్చేసింది. కంపోజిషన్ కోసం ఆ ఎర్ర సంచీ బాగుందని నేను అనుకున్న మాట నిజమే. ఆవిడకు అక్కర్లేదు.

శుక్రవారం, ఎల్లిస్ ఐలండ్

బ్యాటరీ పార్క్ దగ్గర ఫెర్రీ ఎక్కడానికి సెక్యూరిటీ లైను చాంతాడంత. లిబర్టీ విగ్రహం దగ్గర అందరూ దిగిపోతారు, ఎల్లిస్ ఐలండ్‌కి వచ్చేసరికి పడవ సగం ఖాళీ. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది వలసదారులు ఈ లంక గుండానే అమెరికాలోకి వచ్చారు. పై అంతస్తులో రిజిస్ట్రీ హాలు ఉంది, పెద్ద కమాను కప్పుతో. అక్కడ ఒక బెంచీ మీద కూచుని లూయిస్ హైన్ గురించి ఆలోచించాను.

హైన్ ఎథికల్ కల్చర్ స్కూల్లో మాస్టారు. 1904లో ఇక్కడికి పెట్టె కెమెరా మోసుకుని వచ్చాడు. చుట్టూ తోసుకునే జనం, భాష రాదు, ఫ్లాష్ పొడి ఒక్కసారే వెలుగుతుంది. అది వెలిగాక పొగతో హాలు నిండిపోతుంది, రెండో ఛాన్స్ ఉండదు. సైగలతో ఒప్పించి, నిలబెట్టి, తీయాలి. ఎందుకింత యాతన అంటే, ప్లిమత్ రాక్ దగ్గర దిగిన తొలి వలసదారులను ఎంత గౌరవంగా చూస్తారో వీళ్లనీ అలాగే చూడాలని. ఆయన బొమ్మల్లో మనిషి జాలిగా ఉండడు. అలిసిపోయి ఉంటాడు, భయపడి ఉంటాడు, కానీ తలెత్తే ఉంటాడు. రీస్ చిత్రాల్లో జనం ఫ్లాష్ వెలుగుకు ఉలిక్కిపడి దొరికిపోతారు. ఈ తేడా వెలుతురుది కాదు, అడిగి తీయడానికీ అడక్కుండా తీయడానికీ ఉన్న తేడా.

1908 నుంచి హైన్ నేషనల్ చైల్డ్ లేబర్ కమిటీకి ఫొటోలు తీశాడు. పిల్లల చేత పని చేయించడం ఆపాలని చందాలతో నడిచే సంస్థ అది. గనులు, మిల్లులు, గాజు ఫ్యాక్టరీలు, రొయ్యల షెడ్లు తిరిగాడు. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, అందుకని ఒకచోట బైబిళ్లు అమ్మేవాడిగా, ఒకచోట ఇన్‌స్పెక్టర్‌గా, ఇంకోచోట యంత్రాల ఫొటోలు తీసేవాడిగా చెప్పుకునేవాడు. తన కోటు గుండీలు నేలనుంచి ఎన్ని అంగుళాల ఎత్తున ఉంటాయో ముందే కొలిచిపెట్టుకునేవాడు. పిల్ల పక్కన నిలబడితే ఎత్తు తెలిసిపోతుంది. జేబులో చెయ్యి పెట్టి చూడకుండానే పేరు, వయసు రాసుకునేవాడు. దక్షిణ కరోలైనాలో లాంకస్టర్ నూలు మిల్లులో 1908 నవంబరు 30న తీసిన ఒక పిల్ల బొమ్మ కింద ఇలా ఉంటుంది: సేడీ ఫైఫర్, ఎత్తు 48 అంగుళాలు, అర్ధ సంవత్సరంగా పని చేస్తోంది.

ఆ పేరు రాసుకోవడం చిన్న సంగతి కాదు. ఆ పేర్ల వల్లనే వందేళ్ల తరవాత వాటిలో వందల మంది పిల్లల వారసులను వెతికి పట్టుకోగలిగారు. మనవాళ్ల సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. 1876లో మొదలైన ధాత కరువు బొమ్మలు మీరూ చూసే ఉంటారు. మద్రాసు సైన్యంలో అధికారి విలోబీ హూపర్ తీసినవి. ఎముకల గూళ్లను స్టూడియో గ్రూపు ఫొటోకు మల్లే వరసగా కూచోబెట్టి, నిలబెట్టి తీశాడు. ఆ తీరుకు ఆ రోజుల్లోనే విమర్శలొచ్చాయి. అందులో కడపవాళ్లున్నారో కర్నూలువాళ్లున్నారో తెలియదు. నేను చూసిన ఏ బొమ్మ కిందా ఒక్క మనిషి పేరు లేదు.

హైన్ ఫొటోల ఫలితం వెంటనే రాలేదు. 1912లో పిల్లల సంక్షేమానికి ఫెడరల్ విభాగం ఏర్పడింది. 1916లో బాలకార్మికుల మీద చట్టం వచ్చింది, 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 1938లో గానీ గట్టి చట్టం కుదరలేదు.

మ్యూజియం బయట గాలి విపరీతం. తిరుగు ఫెర్రీలో పైకెక్కి ఫొటోలు తీద్దామనుకున్నదాన్ని, కిందే కూచున్నాను.

శనివారం, రైల్లో

పెన్ స్టేషన్ నుంచి ఆమ్‌ట్రాక్. ఉత్తరానికి వెళ్లేవాళ్లు ఎడమ పక్క సీటు పట్టుకోవాలి, ఆల్బనీ దాకా హడ్సన్ నది మీ పక్కనే ఉంటుంది. బయల్దేరిన కాసేపటికే హేస్టింగ్స్-ఆన్-హడ్సన్ అనే చిన్న ఊరు దాటుతాం, రైలు ఆగదు. హైన్ ఇల్లు ఈ ఊళ్లోనే. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతున్నప్పుడు ఆకాశంలో వేలాడుతూ పనివాళ్ల ఫొటోలు తీసిన మనిషికి చివరికి పని దొరకలేదు. ఇంటి మీద అప్పు కట్టలేక ఇల్లు పోయింది, సర్కారు సాయం మీద బతికి 1940లో పోయాడు. ఊరు దాటడానికి నిమిషం కూడా పట్టలేదు.

దారిలో ఫోన్‌లో దాచుకున్నవి తీసి చదువుకున్నాను. ఒకటి, అమెరికా అంతర్యుద్ధం నాటి కార్డు ఫొటోలు. 1863 చివర్లో న్యూ ఆర్లియన్స్ నుంచి కొందరు విముక్త బానిసలను, అందులో పిల్లలను, న్యూయార్క్ తీసుకొచ్చి స్టూడియోల్లో ఫొటోలు తీయించారు. ఒక్కో కార్డు 25 సెంట్లు. ఖర్చులు పోగా మిగిలింది లూసియానాలో విముక్తుల చదువుకు అని కార్డు వెనకే అచ్చు వేశారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది చూడటానికి తెల్లవాళ్ల పిల్లల్లాగే ఉంటారు. కావాలనే అలాంటివాళ్లను ఎంచారు, కొనేవాళ్లకు తమ పిల్లలే గుర్తురావాలని. డబ్బు రాబట్టడంలో తెలివైన ఎత్తే. నల్లగా ఉన్న పిల్లల్లో స్టూడియో గడప తొక్కింది మాత్రం ఐజక్ అనే కుర్రాడొక్కడే.

రెండోది సోజర్నర్ ట్రూత్. బానిసత్వంలో పుట్టి, విడుదలై, ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషి. తన ఫొటో తనే తీయించుకుని, తన పేరే కాపీరైటు వేయించి, తనే అమ్ముకుంది. అసలును పోషించుకోవడానికి నీడను అమ్ముతున్నాను అని కార్డు మీదే అచ్చు వేయించింది. ఒంటి మీద శాలువా, ఒళ్లో ఊలు అల్లిక. ఎలా కనపడాలో తనే తేల్చుకుంది, డబ్బు ఎటు పోవాలో కూడా.

ఇక మూడోది అందరికీ తెలిసిన బొమ్మ. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠానీ కోసే కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ తీసిన వలస తల్లి. పేపర్లో రాగానే ప్రభుత్వం శిబిరానికి 20 వేల పౌన్ల తిండి సరుకులు పంపింది. ఫొటోకి ఇంతకన్నా గొప్ప ఫలితం ఏముంటుంది అంటాం. కానీ సరుకులు వచ్చేసరికి ఆ తల్లి, ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, పిల్లలతో వేరే చోటికి వెళ్లిపోయింది. ఫొటో వల్ల ఆమెకు పైసా రాలేదు. ఆమె పేరు కూడా 1970ల చివరిదాకా లోకానికి తెలియదు. 1983లో జబ్బుపడితే పిల్లలు చందాలడిగారు. బొమ్మ గుర్తున్న జనం 35 వేల డాలర్ల దాకా పంపారు. అంటే ఇవ్వాలనే మనసు అన్నేళ్లూ జనంలో ఉంది, ఆమె దాకా చేర్చే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

మనుషుల బొమ్మలు లేకుండా కూడా పని జరుగుతుంది. 2020లో టూరిస్టులు రాక ఆఫ్రికా అడవుల కాపలాకు డబ్బు కరువైతే, ఫొటోగ్రాఫర్లు తమ జంతువుల ఫొటోలను ఒక్కోటి 100 డాలర్ల ప్రింటుగా అమ్మిపెట్టారు. ప్రింట్స్ ఫర్ వైల్డ్‌లైఫ్ అని. మొదటి విడతలోనే ఆరు లక్షల డాలర్లు దాటింది. సింహానికి పర్మిషన్ అక్కర్లేదు, అది సుఖం. నాలాంటి చిన్నవాళ్లకు అసలు చిక్కు లెక్కల దగ్గర వస్తుంది. ప్రింటు, ఫ్రేము, కొరియరు, ఖరాబైన కాపీలు అన్నీ తీసేశాక మిగిలింది ఇస్తామంటే ఒక్కోసారి మిగిలేది గుప్పెడే. కొన్నవాళ్లు మాత్రం మొత్తం దానానికే వెళ్లిందనుకుంటారు. అందుకని ధరలో ఇంత నేరుగా ఇస్తాను, మిగతాది ఖర్చు అని ముందే రాసి అమ్మడం మేలు.

యుటికా, సిరక్యూస్ నిద్రలో పోయాయి. రోచెస్టర్ స్టేషన్లో మా మేనకోడలు రెండు స్వెటర్లు పట్టుకుని నిలబడింది. "నీకు చలేస్తుందని తెలుసు అత్తా" అంది.

ఆదివారం, ఈస్ట్‌మన్ గారిల్లు

కోడక్ కెమెరా తెచ్చిన జార్జ్ ఈస్ట్‌మన్ పేరుతో ఈస్ట్ అవెన్యూలో ఉన్న మ్యూజియం ఆయన ఉన్న ఇల్లే. 1905లో కట్టడం పూర్తయింది. నడిమి హాలు చతురస్రంగా ఉండటం నచ్చక 1919లో ఇంటిని రెండుగా కోయించి, వెనక భాగాన్ని పట్టాల మీద తొమ్మిది అడుగులకు పైగా వెనక్కి జరిపించాడు. కట్టినదానికన్నా జరపడానికే ఖర్చు ఎక్కువైందట. దానకర్ణుడి ఇంటికి వచ్చాననుకుంటే మొదటే ఇది విని బిత్తరపోయాను.

తండ్రి పోతే 14 ఏళ్లకే బడి మానేసి ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడు ఈస్ట్‌మన్. 1888లో తెచ్చిన మొదటి కోడక్ కెమెరా 25 డాలర్లు, లోపల వంద ఫొటోల ఫిల్ము. అయిపోయాక కెమెరాతో సహా ఫ్యాక్టరీకి పంపితే, 10 డాలర్లకు ప్రింట్లు తీసి కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవాళ్లు. ఫొటోలు గుండ్రంగా వచ్చేవి. 1900లో వచ్చిన బ్రౌనీ అయితే ఒక్క డాలరే. ఫొటో తీయడానికి స్టూడియో అక్కర్లేని రోజు వచ్చింది. ఇవాళ నాలాంటివాళ్లు పిచ్చిపట్టినట్టు తీస్తున్నామంటే మూలం ఈయనే.

ఇవ్వడంలో ఆయన తీరు విచిత్రం. వారానికి 60 డాలర్లు సంపాదించే రోజుల్లోనే ఊళ్లోని మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి 50 ఇచ్చాడు. మా మేనకోడలు చదివే ఆర్‌ఐటీ (రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) పూర్వరూపం అదే. "అంటే వారం జీతం దాదాపు మొత్తం అత్తా. మన ఇంట్లో ఎవరైనా ఇస్తారా?" అంది. మాట మార్చాను. 1912లో ఎంఐటీకి 25 లక్షల డాలర్లు ఇస్తూ తన పేరు బయట పెట్టకూడదన్నాడు. మిస్టర్ స్మిత్ అని మాత్రమే చెప్పారు. ఆ స్మిత్ ఎవరో 1920లో గానీ తెలియలేదు. రోచెస్టర్ యూనివర్సిటీ, సంగీత పాఠశాల, నల్లజాతివాళ్ల విద్యాసంస్థలైన టస్కీగీ, హాంప్టన్‌లు, ఇలా 1924లో ఒక్కరోజే మూడు కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. మొత్తం ఇచ్చింది పది కోట్ల డాలర్లు దాటింది. తన కెమెరాతో లోకమంతా ఫొటోలు తీసుకుంటుంటే, ఆయన మాత్రం సొంత ఊరి వీధుల్లో ఎవరూ గుర్తుపట్టకుండా నడిచి వెళ్లేవాడట.

అన్నిట్లోకీ నాకు నచ్చింది పళ్ల ఆసుపత్రులు. రోచెస్టర్‌లో మొదలుపెట్టి లండన్, పారిస్, రోమ్, బ్రసెల్స్, స్టాక్‌హోమ్‌లలో పిల్లల కోసం దంత వైద్యశాలలు కట్టించాడు. చిన్నప్పుడే పళ్లూ గొంతూ సరిచేస్తే బతుకంతా బాగుంటుందని ఆయన నమ్మకం. ఈ దానాలకు ఏ పేదపిల్ల మొహమూ పోస్టరెక్కలేదు. నిజమే, కోట్లున్నవాడికి పోస్టరుతో పనేముంది? చందాలడిగే హైన్ కమిటీకి బొమ్మ కావాలి. ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం అన్యాయం. అయినా తూచకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే హైన్ కూడా ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన పోయాక న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా ఆ ప్రింట్లు, నెగటివ్‌లు వద్దంది. కాపాడింది ఈ మ్యూజియమే. తనకు గూడు లేకుండా పోయిన మనిషి నెగటివ్‌లు ఈస్ట్‌మన్ మేడ నీడకు చేరాయి.

1932లో వెన్నెముక జబ్బుతో నడవడం కష్టమైన స్థితిలో, పని అయిపోయింది, ఇంకా ఎందుకు ఆగడం అని చీటీ రాసి ప్రాణం తీసుకున్నాడు ఈస్ట్‌మన్. ఆ చీటీ సంగతి ఇక్కడ దాచరు. మేం తోటలోకి వచ్చి కాసేపు మాట్లాడుకోకుండా కూచున్నాం.

సోమవారం, చర్చి బేస్‌మెంట్

పనేమిటో తెలిసింది. మా మేనకోడలూ ఆమె క్లాస్‌మేట్లూ ఒక చర్చి కింది హాల్లో ఉచిత పోర్ట్రెయిట్ల రోజు పెట్టారు. స్టూడియోలో ఫొటో తీయించుకునే స్తోమత లేనివాళ్లు వచ్చి కూచుంటే, తీసి అప్పటికప్పుడు ప్రింటు చేతిలో పెట్టాలి. నాష్‌విల్‌లో ఫొటోగ్రాఫర్ జెరెమీ కౌవర్ట్ మొదలుపెట్టిన హెల్ప్-పోర్ట్రెయిట్ పద్ధతి ఇది. 2009 డిసెంబరులో మొదటిసారి చాలా ఊళ్లలో ఒకే రోజు చేశారు. నియమం ఒక్కటే, ఫొటో వాళ్లకోసం, మన పోర్ట్‌ఫోలియో కోసం కాదు.

బూడిద రంగు తెర, వెలుతురును మెత్తబరిచే రెండు సాఫ్ట్‌బాక్సులు, రంగును వేడితో కాగితం మీదికి ఎక్కించే ఒక డై-సబ్ ప్రింటర్. కాగితం దానిలోకి నాలుగుసార్లు వెళ్లి వస్తుంది. ముందు పసుపు పచ్చ, తరవాత గులాబి, తరవాత నీలం, చివర వేలిముద్రలు పడకుండా పైపూత. పిల్లలు ఆ ప్రింటర్ ముందునుంచి కదలరు. నీలం పడగానే కేరింతలు.

నా డ్యూటీ బల్ల దగ్గర కాగితాల పని. కాగితంలో మూడు గళ్లున్నాయి. ప్రింటు నాకు మాత్రమే. హాల్లో గోడకు పెట్టుకోవచ్చు. చందాల కోసం వాడుకోవచ్చు. చాలామంది మొదటిదే టిక్కు పెట్టారు. ఒకామె మూడూ టిక్కు పెట్టి, పది నిమిషాల తరవాత వెనక్కొచ్చి మూడోది కొట్టేసింది. మా ఆఫీసువాళ్లు చూస్తే బాగోదు అంది. ఇంకొకావిడకు కుటుంబ ఫొటో వద్దు, ఉద్యోగానికి పంపుకోవడానికి తెల్ల గోడ ముందు ఒక్క ఫొటో చాలు. తెర పక్కకు జరిపి తీశాం. చలికోటు విప్పాక జుట్టు చెదిరిందని అద్దం అడిగింది. హాల్లో అద్దం లేదు. ఎవరికీ తట్టలేదు. ఫోన్ కెమెరా తిప్పి పట్టుకున్నాను.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో టోపీ. ముందరి పళ్లు రెండు లేవు, అందుకని పెదాలు బిగించి కూచున్నాడు. మా మేనకోడలు ఏదో అంటే పకపకా నవ్వాడు, ఆ క్షణంలో క్లిక్ అంది. స్క్రీన్ మీద చూసి మేమంతా ఆహా అనుకున్నాం. కళ్ల పక్క ముడతలూ, వెనక్కి వాలిన తలా, రోజంతటికీ అదే మంచి ఫొటో. నిజం చెప్పాలంటే నా క్యాలెండర్లో జనవరి పేజీ నా కళ్ల ముందు కదిలింది. ఆయన మాత్రం రెండూ చూసి, నోరు మూసుకున్నదే కావాలన్నాడు. మా చెల్లెలికి పంపాలి, ఇంకో కాపీ కూడా ఇవ్వండి అన్నాడు. తరవాత రెండోదాని మీద వేలు పెట్టి, ఇది తీసెయ్యండి అన్నాడు.

మా మేనకోడలు కెమెరా ఆయన వైపు తిప్పి, ఆయన చూస్తుండగానే డిలీట్ నొక్కింది. బ్యాకప్ కార్డులో కూడా తీసేసి చూపించింది. ఆయన రెండు ప్రింట్లూ కవర్లో పెట్టించుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"ఒక్క మాట అడగాల్సింది కదే, పేరు లేకుండా వాడుకుంటామని" అన్నాను.

"ఆయన చెప్పాడుగా అత్తా."

సాయంత్రం సామాను సర్దుతూ అక్కడినుంచే వాదనకు దిగాం. క్యాలెండర్లో మనిషి మొహం వేస్తే, అమ్మకంలో కొంత ఆ మనిషికే నేరుగా ఇవ్వాలని నా మాట. ఈ ఐదు రోజులు చూసినవన్నీ నన్ను అటే తోస్తున్నాయి. మా మేనకోడలు ఒప్పుకోలేదు. "డబ్బు చూపించి అడిగితే, అవసరంలో ఉన్నవాళ్లు కాదనలేరు. ఇవాళ ఆయన వద్దన్నాడంటే మనం ఏమీ ఇవ్వజూపలేదు కాబట్టే." ఉచితంగా అడిగితే మొహమాటానికి ఒప్పుకునేవాళ్లుండరా అన్నాను నేను. అందుకే ప్రింటు ముందు ఇచ్చేసి, వాళ్లింటికి వెళ్లాక కొన్నాళ్లకు అడగాలంది. అప్పటికి అడ్రసులు మారిపోతే అన్నాను. కారు ఎక్కాం, దిగాం, అన్నం తిన్నాం, తేలలేదు.

ఆఖర్లో ప్రింటర్ రిబ్బన్ అయిపోయి కొందరికి కాపీలు ఇవ్వలేకపోయాం. వాళ్ల అడ్రసులు రాసుకుని, రాత్రి ల్యాబ్‌లో ప్రింట్లు తీయించాం. మర్నాడు విమానానికి ముందు పోస్టాఫీసులో లైన్లో నిలబడి, ఒక్కో కవర్లో అట్టముక్క పెట్టి, పైన 'వంచవద్దు' అని రాశాం. స్టాంపుల డబ్బులు నేనిస్తానంటే, "ఇది నీ క్యాలెండర్ ఖాతాలో వెయ్యకు అత్తా, వేరే రాసుకో" అంది.